పెట్రోలు గొట్టము కథ

మోటారుబండి చరిత్ర చెప్పువారు ఇంజనును గూర్చియు, వేగమును గూర్చియు విస్తరించి చెప్పుదురు. టాంకి నుండి ఇంజనునకు పెట్రోలును చేరవేయు సన్నని గొట్టమును తలచువారు అరుదు. వ్రేలి మందమైనను లేని ఆ గొట్టముపై బండిలోని వారి ప్రాణములు ఆధారపడి యున్నవి.

1908లో వెలువడిన ఫోర్డు మోడల్ టి కారునకు పెట్రోలు పంపు లేదు. సీటు క్రింది టాంకి నుండి పెట్రోలు తన బరువుచేతనే జారి కార్బురేటరును చేరెడిది. టాంకిలో పెట్రోలు తగ్గినప్పుడు నిటారైన మిట్ట ఎదురైనచో కార్బురేటరు టాంకికంటె ఎత్తగును, పెట్రోలు అందదు. అందుచేత డ్రైవర్లు బండిని త్రిప్పి, వెనుకకు నడపుచు మిట్ట నెక్కెడివారు.

తొలినాళ్ల గొట్టములు లోహముతో చేసినవి. రాగి సులువుగా వంగును గనుక పలువురు దానినే వాడిరి. కాని బండి అదురునకు రాగి క్రమముగా బిరుసెక్కి, తుదకు పగులును. మరి రబ్బరు ఏల వాడలేదు? 1839లోనే చార్లెస్ గుడ్ఇయర్ గంధకము కలిపి కాచి రబ్బరును దృఢపరచు విధమును కనుగొనెను. అయినను చెట్టుపాల రబ్బరు పెట్రోలు తగిలిన ఉబ్బి, మెత్తబడి చెడును.

ఈ చిక్కును విప్పినవి రెండు మార్గములు. డెట్రాయిట్ నగరమున బండీ సంస్థ సన్నని ఉక్కురేకును రెండు చుట్లు చుట్టి, కొలిమిలో రాగితో అతికి, అదురునకు ఓర్చు గొట్టములను చేసెను. ఇక 1930లో అమెరికాలోని డ్యూపాంట్ రసాయనికులు నియోప్రీనును సాధించిరి. ఆ దశాబ్దముననే జర్మనీలో నైట్రైల్ రబ్బరు వెలసెను. ఇవి నూనెలకు ఓర్చునవి. 1942లో జపాను సేనలు మలయా, జావా, సుమత్రాలను ఆక్రమింపగా అమెరికాకు వచ్చు సహజ రబ్బరులో సుమారు 90 శాతము ఆగిపోయెను. కృత్రిమ రబ్బరు పరిశ్రమ వేగముగా పెరుగుటకు అదియే కారణము.

తరువాతి బండ్లలో ఈ రెంటికిని పని పంపకమైనది. చాసిస్ వెంట కదలక సాగు పొడవైన దారి ఉక్కునకు. ఊగులాడు ఇంజనునకును చాసిస్‌నకును నడుమ జానెడు కూడిక రబ్బరునకు. పాత బండ్లలో చిక్కు వచ్చునది ఈ పంపకము చెడినప్పుడే. ఉక్కు గొట్టము తుప్పుపట్టగా, చవుక యని దాని స్థానమున దారి పొడవునను రబ్బరునే వేయుట కలదు. వేడికి, కాలమునకు రబ్బరు బీటలు వారును. వేడెక్కిన పొగగొట్టముపై ఒక్క చుక్క పడినను బండి అంటుకొనవచ్చును. దీనికి తోడు, మనదేశమున 2023 ఫిబ్రవరి నుండి 20 శాతము ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకమునకు వచ్చినది. పూర్వపు రబ్బరు దానికై చేసినది కాదు.

అంబాసిడరు తయారీ 2014లో నిలిచినను, దానిని ప్రేమతో కాపాడుకొనువారు కలరు. అట్టివారు పొడవైన రబ్బరును తీసి ఉక్కు గొట్టము వేయించుట మేలు. గొట్టము నొక్కుపడకుండ పనిముట్టుతో వంచవలెను. పొగగొట్టమునకు దూరముగా నడపి, క్లిప్పులతో బిగింపవలెను. కొసను కొంచెము ఉబ్బునట్లు చేసినగాని రబ్బరు జారకుండ పట్టు నిలువదు. ఇంజను వద్ద జానెడు క్రొత్త రబ్బరు, అదియు ఇథనాలునకు తగినది, ఉండవలసినదే. ఆ జానెడును గూడ ఉక్కు చేసినచో, ఇంజను ఊపునకు ఉక్కే పగులును.

పని ముగిసిన పిదప ఇంజను నడుచుచుండగా ప్రతి కూడికను చేతితో తడిమి చూడవలెను. చేయి పొడిగా ఉన్న పిదపనే పిల్లలను బండి నెక్కింపవలెను.