ఇత్తడికి పట్టిన వానాకాలపు జబ్బు

బ్రిటిష్ ఇండియా సైన్యంలో తూటాలకు ఒక జబ్బు ఉండేది. వానలు మొదలయ్యాక సైనిక కార్యకలాపాలు మందగించేవి. అప్పుడు వాడని తూటాలను పొడిరోజులు వచ్చేదాకా గుర్రపుశాలల్లో భద్రపరిచేవారని లోహశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. ముసురు వెలిసి పెట్టెలు తెరిచేసరికి, ఎవరూ పేల్చని కొత్త తూటాల ఇత్తడి గొట్టాలు చిట్లి ఉండేవి. చాలావాటికి పగులు గుండును పట్టి ఉంచే మెడ దగ్గరే కనిపించేది. దెబ్బ తగలలేదు, కింద పడలేదు, తుప్పు తిన్న జాడ కూడా పెద్దగా లేదు. ఊరికే ఉన్న లోహం ఊరికే పగిలింది. ఇంగ్లీషులో దీనికి ‘సీజన్ క్రాకింగ్’ అని పేరు పెట్టారు. ఆ పేరు వానాకాలాన్ని బట్టి వచ్చిందని కొందరంటారు. ఆరబెట్టిన కలపలో పడే నెరియలతో పోలిక వల్ల వచ్చిందని మరికొందరంటారు. ఏది నిజమైనా పేరులో కారణం లేదు, కాలం మాత్రమే ఉంది.

సైనికుడికి ఇది చిన్న లోపం కాదు. మెడ చిట్లిన తూటాలో గుండు వదులవుతుంది, మందులోకి చెమ్మ దిగుతుంది. పేల్చినప్పుడు వేడి వాయువు పగులు గుండా వెనక్కి తన్నవచ్చు. గొట్టం తెగి ఒక ముక్క తుపాకీలోనే ఉండిపోతే, తరువాతి తూటా ఎక్కదు. తూటా గొట్టం తెగితే ఏమవుతుందో బ్రిటిష్ సైన్యానికి అప్పటికే అనుభవమే. 1871 నాటి మార్టినీ–హెన్రీ తుపాకీకి మొదట పలుచని ఇత్తడి రేకును చుట్టి చేసిన గొట్టాలు వాడారు. సూడాన్ యుద్ధంలో, 1885 జనవరి 17న అబూ క్లియా దగ్గర జరిగిన పోరులో, ఆ తుపాకులు వేడికీ ఇసుకకూ బిగుసుకుపోయాయి. బయటికి లాగేటప్పుడు రేకు గొట్టాలు చిరిగిపోయాయి. ఆ తరువాత ఒకే ఇత్తడి ముక్కను సాగదీసి చేసిన అతుకులేని గొట్టాలవైపు మొగ్గారు. 1888లో వచ్చిన లీ–మెట్‌ఫర్డ్ తుపాకీ మొదటినుంచీ అలాంటి తూటాతోనే వచ్చింది. చిరుగుడు బాధ తీరింది. కాని సాగదీయడమనే ఆ పద్ధతిలోనే కొత్త జబ్బుకు బీజం ఉంది.

తూటా ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు తుత్తునాగం. ఇంతగా సాగే గుణం ఉన్న ఇత్తడి మరొకటి లేదు. బిళ్లగా కోసి, గిన్నెగా వంచి, అచ్చుల్లోంచి పలుమార్లు నెట్టి పొడుగు చేస్తారు. ప్రతి నెట్టుడుకూ లోహం గట్టిపడుతుంది. గట్టిపడిన దాన్ని మళ్లీ నెడితే చిరుగుతుంది కాబట్టి మధ్యమధ్య కాచి మెత్తబరుస్తారు. పెంబర్తి లోహకారుడు ఇత్తడి రేకును కొట్టి కొట్టి, అది మొండికేసిందని చేతికి తెలియగానే కొలిమిలో పెట్టి తీయడమూ ఇదే పని. చివరగా తూటా పైభాగాన్ని ఇరుకు అచ్చులోకి నొక్కి మెడ చేస్తారు. మెడ కంటే వెంట్రుకవాసి లావైన గుండును అందులో బిగిస్తారు. అంటే తయారైన తూటా మెడ పెట్టెలో పడుకుని ఉన్నా విశ్రాంతిలో లేదు. గుండు దాన్ని లోపలినుంచి ఎల్లప్పుడూ తోస్తూనే ఉంటుంది. దానికి తోడు, అచ్చులో నొక్కినప్పుడు లోహంలో చిక్కుకుపోయిన ఒత్తిడి కూడా ఉంటుంది.

ఒత్తిడి ఒక్కటే ఉంటే ఇత్తడి ఏళ్ల తరబడి భరిస్తుంది. దాన్ని పగలగొట్టింది గుర్రపుశాల. గుర్రపు మూత్రంలో యూరియా ఉంటుంది. నేలమీది బాక్టీరియా తమ ఎంజైముతో దాన్ని విడగొడితే అమ్మోనియా పుడుతుంది. శాలలోకి అడుగుపెట్టగానే ముక్కును గుచ్చే ఘాటు అదే. ఇత్తడి పాత్రలకు కళాయి వేసేవాడు నవసాగరం చల్లినప్పుడు లేచే ఘాటులో ఉండేదీ అదే. ఎండాకాలంలో తలుపులు తెరిచి ఉంటాయి, గాలి పొడిగా ఉంటుంది. వానాకాలంలో గుర్రాలు లోపలే ఉంటాయి, నేల ఆరదు, ఇత్తడిపై కంటికి ఆనని నీటిపొర నిలుస్తుంది. ఆ పొరలో అమ్మోనియా కరుగుతుంది. గాలిలోని ఆక్సిజన్ తోడైతే, రాగిని అయాన్లుగా లాగి తనలో కలుపుకుంటుంది. నీరు లేనిదే ఈ పని జరగదు. పొడి అమ్మోనియా ఇత్తడిని ఇలా పగలగొట్టలేదు. లోహపు స్ఫటికాలు ఒకదానినొకటి తాకే సరిహద్దుల వెంట దాడి మొదలవుతుంది. లోపలి ఒత్తిడి ఆ సన్నని గాటును విప్పుతుంది. విప్పిన చోట కొత్త లోహం బయటపడుతుంది. అక్కడికి మళ్లీ అమ్మోనియా చేరుతుంది. పైకి గొట్టం నిగనిగలాడుతూనే ఉండవచ్చు, లోపల చీలిక నడుస్తూ ఉంటుంది.

ఈ సంగతిని కుదురుగా తేల్చినది ఇంగ్లండులోని ఊలిచ్ ఆయుధ పరిశోధనశాల. అక్కడి మూర్, బెకిన్‌సేల్, మాలిన్సన్ అనే ముగ్గురు 1921లో బ్రిటిష్ లోహశాస్త్ర సంస్థ పత్రికలో సుదీర్ఘ పత్రం ప్రచురించారు. అంతకుముందు వాతావరణాన్ని తప్పుపట్టినవారున్నారు, లోహం నాణ్యతను తప్పుపట్టినవారున్నారు. పగులుకు రెండూ కలిసి కావాలి: లోహంలో మిగిలిన లాగుడు ఒత్తిడి, బయట అమ్మోనియా. ఏ ఒక్కటి తీసేసినా రెండవది ఏమీ చేయలేదు. సైన్యం ఉన్నచోట గుర్రాలు తప్పవు, వానను ఆపలేరు. కాబట్టి తీయగలిగినది ఒత్తిడినే. తయారైన ఇత్తడిని 200 నుంచి 300 డిగ్రీల సెల్సియస్ మధ్య కొంతసేపు కాస్తే దాని బలం పెద్దగా తగ్గదు, చిక్కుకున్న ఒత్తిడి మాత్రం చాలావరకు సడలిపోతుంది. మందు ఇంత తేలికగా ఉండటమే ఆ పరిశోధనలో గొప్ప విషయం.

ఈ కథను చదివే తెలుగువారికి సికిందరాబాదు గుర్తుకు రావడం సహజం. 1806లో ఏర్పడిన ఆ కంటోన్మెంటు దక్కనులో పెద్ద సైనిక స్థావరం. తూటాల జబ్బు కారణం తేలకుండా ఉన్న కాలంలోనే, 1897 ఆగస్టు 20న, సరిగ్గా వానాకాలంలో, బేగంపేటలో రొనాల్డ్ రాస్ ఒక దోమ కడుపుగోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. అప్పటిదాకా ఆ జ్వరానికి ఉన్న పేర్లలోనూ కారణం లేదు. మలేరియా అంటే ఇటాలియన్‌లో చెడుగాలి. తెలుగులో అది మన్యపు జ్వరం. ఒకరు గాలిని అన్నారు, ఒకరు చోటును అన్నారు. వాన నిజంగానే నేరంలో భాగస్వామి: దోమకు నీటిగుంటను ఇచ్చింది, అమ్మోనియాకు నీటిపొరను ఇచ్చింది. అందుకే ఈ రెంటిలోనూ వానను అనుమానించినవారిని అజ్ఞానులని కొట్టిపారేయడం న్యాయం కాదు. వారు చూసిన సంబంధం నిజమే, మధ్యలో ఉన్న దూత ఎవరో వారికి కనబడలేదు.

తూటా కథలో పాదరసానికీ రెండు పాత్రలున్నాయి. పాతకాలపు క్యాపుల్లో పాదరసపు ఫల్మినేట్ ఉండేది. నల్లమందు కాలినప్పుడు మిగిలే మసి ఆ పాదరసాన్ని చాలావరకు పీల్చుకునేది. పొగలేని మందు వచ్చాక మసి తగ్గింది. పాదరసం నేరుగా ఇత్తడికి అంటుకుని దాన్ని పెళుసు చేసింది. అలాంటి గొట్టాన్ని మళ్లీ నింపి పేల్చడం ప్రమాదమైంది. ఇదే గుణాన్ని లోహ పరీక్షకులు పనికి తెచ్చుకున్నారు. మెర్క్యురస్ నైట్రేట్ ద్రావణంలో ఇత్తడి ముక్కను ముంచితే, లోపల ఒత్తిడి మిగిలి ఉంటే కొద్ది నిమిషాల్లో చిట్లుతుంది. నెలల తరబడి వాన చేసే పనిని బల్లమీద చూపించే పరీక్ష అది. బతికిన వస్తువును చంపి తెలుసుకునే రోగనిర్ధారణ కాబట్టి, ప్రతి పెట్టెలోంచి కొన్నింటిని బలి ఇవ్వక తప్పదు.

గుర్రాలు పోయాయి కాని సమస్య పూర్తిగా పోలేదు. కాలిఫోర్నియాలో శాంటా క్లారా చుట్టుపక్కల గురిపందేలకు వెళ్లేవారిలో కొందరు పేల్చిన గొట్టాలను ఏరుకుని, ఇంట్లో మళ్లీ నింపుకుంటారు. వారి గొట్టాల మెడలు చిట్లడానికి సాధారణంగా అమ్మోనియా కారణం కాదు. పేల్చినప్పుడు మెడ ఉబ్బుతుంది, అచ్చులో నొక్కితే కుదించుకుంటుంది. ప్రతిసారీ ఇత్తడి ఇంకొంత గట్టిపడి, ఒకనాడు నిలువునా చీలుతుంది. రెండు పగుళ్లూ చూడటానికి ఒకేలా ఉంటాయి కాబట్టి చాలామంది వీటిని కలిపేస్తారు. మొదటిది నిలవలో వచ్చేది, రెండవది వాడకంలో వచ్చేది. అయితే గట్టిపడిన మెడలో బిగించి ఏళ్ల తరబడి దాచిన తూటాలో రెండూ కలవవచ్చు. అమ్మోనియా ఉన్న ఇత్తడి మెరుగుద్రవాలతో తూటాలు తోమవద్దని అనుభవజ్ఞులు చెప్పడం ఊలిచ్ పరిశోధన ఇంటి అటకదాకా చేరిందనడానికి గుర్తు.

చికిత్స మాత్రం రెంటికీ దగ్గరిదే. గొట్టం అడుగుభాగాన్ని నీటిపళ్లెంలో నిలబెట్టి, మసక వెలుతురులో మెడకు మాత్రం మంట తగిలిస్తారు. రంగు మారి, ఎరుపు తోచీ తోచనట్టుండగానే నీటిలో పడదోస్తారు. ఈ పద్ధతిలో నీరు అత్యవసరం. అడుగుభాగం గట్టిగానే ఉండాలి. పేలుడు ఒత్తిడిని మోసేది అదే. అది మెత్తబడితే గొట్టం తుపాకీలోనే పగిలి పేల్చినవాడి ముఖానికే ప్రమాదం. వేడి ఇత్తడిని నీటిలో ముంచితే ఇనుములా గట్టిపడుతుందనుకోవడం పొరపాటు. నీరు చేసేది వేడిని కిందికి పాకనీయకపోవడమే. ఈ కాచి మెత్తబరచడానికి ఇంగ్లీషు మాట అనీలింగ్. అదే మాట శాంటా క్లారాలో మరోచోట రోజూ వినబడుతుంది. ఆ ఊళ్లోనే ప్రధాన కార్యాలయం ఉన్న అప్లయిడ్ మెటీరియల్స్ సంస్థ సిలికాన్ పలకలను క్షణాల్లో కాచి చల్లార్చే యంత్రాలు తయారుచేస్తుంది. అయాన్ల తాకిడికి చెదిరిన స్ఫటికాన్ని మళ్లీ వరుసలోకి తేవడానికి అది. ఉద్దేశం వేరు, లోహం వేరు, ఖర్చు గురించి చెప్పనక్కరలేదు. అణువులకు కాస్త వేడినిచ్చి సర్దుకోనివ్వడమన్నది మాత్రం పెంబర్తి కొలిమిలోనిదే.

అమెరికన్ సైన్యానికి చేసే తూటాల మెడ చుట్టూ నీలి, గోధుమ రంగుల మచ్చ కనబడుతుంది. దుకాణాల్లో అమ్మే తూటాలపై దాన్ని సాధారణంగా తోమి తీసేస్తారు. కొనేవాడికి మెరుపు కావాలి. సైన్యం మాత్రం ఆ మచ్చను అలాగే ఉంచమంటుంది. మెడను కాచారా లేదా అన్నది తనిఖీ చేసేవాడికి కంటితోనే తెలియాలి.