గగ్గ భిక్షువు ఉన్మాదం: వినయ నిర్ణయం

ఉన్మాద కారణంపై ప్రాచీన భారతంలో ఏకాభిప్రాయం లేదు. చరక సంహిత వాత, పిత్త, కఫ, సన్నిపాతజాలకు తోడు ఆగంతు ఉన్మాదాన్ని అంగీకరిస్తూనే, దానికీ మూలం రోగి ప్రజ్ఞాపరాధమేనని, దేవతలనో రాక్షసులనో నిందించరాదని నిదానస్థానంలో హెచ్చరించింది. సుశ్రుత సంహిత మనోవ్యథకూ, విషానికీ వేరుగా స్థానమిచ్చింది. వినయ వ్యాఖ్య సమంతపాసాదిక రెండు కారణాలనూ నిలిపింది: పిత్తం ప్రకోపిస్తే ఉమ్మత్తకుడు, యక్షావేశమైతే ఖిత్తచిత్తుడు.

చికిత్సలో వినయం సిద్ధాంతం కోసం ఆగలేదనే చెప్పాలి. మహావగ్గంలో అమానుషాబాధకు లోనైన భిక్షువొకడు పందులను వధించే చోటికి వెళ్లి పచ్చిమాంసం తిని, రక్తం త్రాగగా బాధ శమించింది. బుద్ధుడు ఆ రోగానికి వాటిని అనుమతించాడు.

గగ్గ భిక్షువు ఉదంతం మరింత విలువైనది. అతడికి ఉపోసథం ఒకప్పుడు జ్ఞప్తికి వచ్చేది, మరొకప్పుడు వచ్చేది కాదు. అతడు వచ్చినా రాకున్నా ఉపోసథం జరుపుకొనేలా సంఘం ఉమ్మత్తక సమ్మతి ఇచ్చింది. స్వస్థుడయ్యాక కొందరు భిక్షువులు ఉన్మాదకాలపు చేతలకు అతణ్ణి నిలదీశారు; జ్ఞాపకం లేదన్నా విడువలేదు. అప్పుడు వచ్చినదే అమూళ్హ వినయం. పిత్తమా, యక్షుడా అన్న విచారణ అందులో లేదు. అయితే జ్ఞాపకముండీ లేదనేవానికి, కలలో వలె గుర్తున్నదనేవానికి, ఉన్మత్తుడిగా నటించేవానికి దానిని ఇవ్వడం అధర్మమని చుల్లవగ్గం నిర్ణయించింది.