పోచంపాడుల రాయి ఏసిన ఏడు

ఇటు జరుగు బిడ్డా, పొగ కండ్లల్ల పడుతది. 1963 సంగతి అడిగితివి గదా, చెప్త ఇను.

ఆ ఏడు జనవరిలనే సర్కారు బంగారం మీద పడ్డది. అంతకుముందే చైనాతోని లడాయి అయిపాయె. మొరార్జీ దేశాయ్ కొత్త కానూన్ తెచ్చిండు, 14 కేరట్లకు మించి నగలు చెయ్యొద్దని. ఆ ఎండాకాలంలనే మా చిన్నమ్మ లగ్గం. "గంత రాగి కలిపినంక అది పుస్తె ఎట్లయితది?" అనుకుంట మా నాయనమ్మ అవుసలాయన వాకిట్ల కూసున్నది. ఆయనేం జేస్తడు పాపం, కుంపటి సల్లారి ఆయనకే పూట ఎల్లుత లేకుండె.

మార్చి 29 నాడు లవకుశ వొచ్చింది. తెలుగుల మొదటి నుంచి ఆఖరి దాక రంగుల బొమ్మ అదే మొదటిది. బండ్లు గట్టుకొని వోయి సూసిండ్రు. తెర మీద రామారావు కానరాంగనే ఆడోళ్లు దండం వెట్టిండ్రట.

గానీ నాకు ఆ ఏడంటే జూలై 26. శ్రావణం అప్పుడే సొచ్చింది. మన పోచంపాడుల గోదారి మీద డ్యాంకు నెహ్రూ పునాదిరాయి ఏసిండు. రెండొద్దుల ముందట శ్రీశైలంల కూడ ఆయనే ఏసి వొచ్చిండు. ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి. మా నాయిన నన్ను బుజం మీద కూసుండవెట్టుకున్నడు. అంత మందిల నాకు తెల్లటోపీ ఒక్కటే కానొచ్చింది. నాయిన మాత్రం అటు సూస్తలేడు. గోదారి ఒడ్డున్న నల్లరేగడి దిక్కే సూస్తున్నడు. ఆడనే మా మేనత్తోళ్ల భూమి. అది మునుగుతదని ఆయనకు అప్పటికే ఎరుకైంది.

మల్ల ఏడు మే నెలల నెహ్రూ సచ్చిపోయిండు. కట్ట పని మాత్రం ఏండ్లకేండ్లు నడిచింది. 42 గేట్లు వెట్టిండ్రు, శ్రీరాంసాగర్ అని పేరు మార్చిండ్రు. కాకతీయ కాలువ నీళ్లు కరీంనగర్ దాటి వరంగల్ దాక వోతున్నయి. మన దిక్కు లక్ష్మి కాలువ. పసుపు తొమ్మిది నెల్ల పంట, ఒక్క తడి తప్పినా కొమ్ము ఊరది. మోట కొట్టి పండిచ్చినోళ్లకు ఎరుక ఆ నీళ్ల ఇలువ.

మనం బాగువడ్డం బిడ్డా, కాదనను. గానీ భూములిడిసి లేసిపోయినోళ్ల ముచ్చట ఎవ్వరు తియ్యరు, అదే నా కడుపుల బాధ. మా మేనత్త కొత్తూర్ల ఇల్లు కట్టుకున్నది. లగ్గాలకు వోయినప్పుడు "మీదే ఊరమ్మా?" అంటే, సచ్చేదాక మునిగిన ఊరి పేరే చెప్పింది. ఆమె మనుమలు ఆడనే ఉన్నరు. పసుపు ఉడకవెట్టుడు కానీ, నిన్ను తోల్కపోత.