స్టూడియో గోడ మీద అంటించిన కాగితాలు

కొరియా సీరియళ్ళు చూసే ఆడవాళ్ళలో నేనూ ఒకదాన్ని. మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి, బట్టలు మడతపెడుతూ ఒక్క ఎపిసోడ్ అని మొదలుపెడితే సాయంత్రం పాలు కాచే వేళయ్యేదాకా లేవబుద్ధి కాదు. అందుకే 2019 అక్టోబరులో సియోల్లో చదువుకుంటున్న మా అక్క కూతురి దగ్గరికి వెళ్ళినప్పుడు, "పిన్నీ, ముందు రాజభవనాలు చూస్తావా, గుళ్ళు చూస్తావా?" అని అది అడిగితే, "ముందు టీవీ స్టూడియో చూపించవే" అన్నాను. అది పకపకా నవ్వింది గానీ, మర్నాడే తీసుకెళ్ళింది.

హన్ నదిలో యోయిదో అని ఒక దీవి ఉంది. ఒకప్పుడు విమానాలు దిగిన నేల. ఇప్పుడు అక్కడే పార్లమెంటు, అక్కడే కేబీఎస్ టెలివిజన్ వాళ్ళ భవనం. కేబీఎస్ అంటే మనకు దూరదర్శన్ లాంటిది, ప్రభుత్వ రంగ ప్రసార సంస్థ. మెట్రోలో నేషనల్ అసెంబ్లీ స్టేషన్లో దిగి నడిచాం. దారంతా పసుపు పచ్చని గింకో ఆకులు. చూడ్డానికి పసుపు ఆరబోసినట్టు ఎంత బావుంటాయో, కింద పడి నలిగిన వాటి కాయలు అంత కంపు కొడతాయి.

లోపల చూసింది చెప్పాలంటే, పాత కెమెరాలు, పాత టీవీ పెట్టెలు, వార్తలు చదివే బల్ల. ఆ బల్ల ముందు మనల్ని కూర్చోబెడితే ఎదురుగా తెర మీద మనమే కనిపిస్తాం. నేనూ కూర్చున్నాను. కొరియా భాష రాదుగా, తెలుగులోనే "వార్తలు చదువుతున్నది..." అని మొదలుపెట్టి నవ్వు ఆపుకోలేకపోయాను. మనం చూసేది తెర మీద పట్టెడంత చోటు. దాని చుట్టూ వైర్లు, దీపాలు, ఇనుప కమ్మీలు. అట్టముక్కతో చేసిన గోడ వెనక ఇంకేమీ ఉండదు. పెళ్ళి పందిరి విప్పుతున్నప్పుడు చూసినట్టనిపించింది.

అంతటితో అయిపోతే ఇదంతా రాసేదాన్ని కాదు. బయటికొచ్చి భవనం ముందు మెట్ల మీద కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తింటుండగా మా పిల్ల తన ఫోనులో ఒక ఫొటో చూపించింది. "ఇది ఈ చోటే పిన్నీ" అంది. నలుపు తెలుపు ఫొటో. గోడ నిండా కాగితాలు. అంగుళం ఖాళీ లేదు. గోడ చాలక మెట్ల మీద, నేల మీద కూడా పరిచారు. వాటి మధ్య వంగి వంగి చదువుకుంటూ వేలమంది జనం. ఏ ఎన్నికల పోస్టర్లో అనుకున్నాను. కాదు. తప్పిపోయిన అమ్మల కోసం, అన్నల కోసం, చెల్లెళ్ళ కోసం రాసి అంటించిన కాగితాలవి.

ఆ కథ మీకు చెప్పాలనే ఈ రోజు కూర్చున్నాను.

కొరియాని 1945లో మధ్యన గీత గీసి రెండు చేశారు. 1950 జూన్ 25న ఉత్తరం వాళ్ళ సైన్యం దక్షిణం మీదికి వచ్చింది. మూడు రోజుల్లో సియోల్ పడిపోయింది. ఆ తరువాత ఏడాది తిరక్కుండానే ఆ ఊరు నాలుగుసార్లు చేతులు మారింది. సైన్యం ముందుకొచ్చినప్పుడల్లా జనం దక్షిణానికి పరుగు. 1950 డిసెంబరులో, గడ్డకట్టే చలిలో, ఉత్తరాన హుంగ్నామ్ అనే రేవు నుంచి దాదాపు లక్షమంది మామూలు జనం ఓడలెక్కారు. మెరెడిత్ విక్టరీ అనే ఒక్క సరుకుల ఓడలోనే 14,000 మంది ఎక్కారంటే నమ్ముతారా? నిలబడ్డ వాళ్ళు నిలబడ్డట్టే ప్రయాణం చేశారు. అందులోనే ఐదుగురు తల్లులు ప్రసవించారు. ఆ పురుళ్ళు ఎవరు పోశారో, ఆ తల్లులకు వేణ్ణీళ్ళైనా దొరికాయో లేదో అనే నా బెంగ.

అలాంటి తోపులాటలో చేతిలోంచి చెయ్యి జారిపోవడం ఎంతసేపు? తిరణాల్లో క్షణం పాటు పిల్లాడు కనపడకపోతేనే మన గుండె ఆగిపోతుంది. "ముందు మీరు వెళ్ళండి, రెండు రోజుల్లో నేనొస్తాను" అని చెప్పి ఆగిపోయిన వాళ్ళెందరో. దక్షిణపు కొసన బూసాన్ అనే రేవు పట్టణంలో యోంగ్దో వంతెన ఉంది. 1934లో కట్టారు. ఓడలు వస్తే పైకి లేచే వంతెన కావడంతో దేశమంతా ఎరిగిన గుర్తు. "విడిపోతే ఆ వంతెన దగ్గర కలుద్దాం" అనుకుని ఎంతోమంది బయలుదేరారు. రోజూ వచ్చి ఎదురుచూసే వాళ్ళతో ఆ వంతెన కింద జోస్యం చెప్పేవాళ్ళ కొట్లు వెలిశాయి. వార్త తెలిసే దారి లేనప్పుడు మనిషి ఇంకెవరిని అడుగుతాడు?

1953 జూలై 27న కాల్పులు ఆగాయి. గీత మాత్రం చెరగలేదు. ఉత్తరంలో మిగిలిపోయిన వాళ్ళకు ఒక ఉత్తరం ముక్క రాసే వీలు కూడా లేకపోయింది. దక్షిణంలోనే, కొండొకచో ఒకే ఊళ్ళోనే ఉండి కూడా ఒకరికొకరు తెలియకుండా బతికిన వాళ్ళూ ఉన్నారు. అదెలాగ అని నాకూ అనిపించింది. ఆలోచిస్తే అర్థమైంది. నాలుగేళ్ళ పిల్ల తప్పిపోయిందనుకోండి. దానికి ఇంట్లో పిలిచే ముద్దుపేరు తప్ప అసలు పేరు తెలియదు. ఊరి పేరు తెలియదు. అనాథాశ్రమం వాళ్ళు ఒక పేరు పెడతారు, చూసి ఒక వయసు వేస్తారు. ఇక ఆ పేరుతో వెతికితే ఎవరికి దొరుకుతుంది? పైగా కొరియాలో ప్రతి ఐదుగురిలో ఒకరి ఇంటిపేరు కిమ్. అక్కడి ఆడవాళ్ళు పెళ్ళయినా పుట్టింటి ఇంటిపేరే ఉంచుకుంటారు కాబట్టి ఆ మాత్రం ఆధారమైనా ఉంది. మనలా ఇంటిపేరు మారిపోయే చోటైతే ఆడపిల్లను వెతకడం ఇంకెంత కష్టమో అనుకున్నాను.

ఇలా ముప్పై ఏళ్ళు గడిచాయి. 1983లో, యుద్ధం మొదలై 33 ఏళ్ళయిన సందర్భంగా, కేబీఎస్ వాళ్ళు ఒక ప్రత్యేక కార్యక్రమం వేద్దామనుకున్నారు. విడిపోయిన వాళ్ళను స్టూడియోకి పిలిచి వివరాలు చెప్పించడం, చూసినవాళ్ళు ఎవరైనా గుర్తుపడితే ఫోన్ చెయ్యడం. మొత్తం 95 నిమిషాలు అనుకున్నారు. జూన్ 30 రాత్రి మొదలైంది.

95 నిమిషాలు అయిపోయాయి. ఫోన్లు మోగడం ఆగలేదు. బయట జనం రావడం ఆగలేదు. అర్ధరాత్రి దాటింది. ఆపడం ఎవరికీ చేతకాలేదు. మామూలు కార్యక్రమాలు పక్కన పెట్టేసి అదే నడిపించారు. అలా నడిచి నడిచి నవంబరు 14న ఆగింది. 138 రోజులు. ప్రత్యక్ష ప్రసారం చేసిన సమయమే మొత్తం 453 గంటల 45 నిమిషాలు.

ఆ స్టూడియోలో జరిగింది ఊహించుకోండి. వరసగా కుర్చీలు. ఒక్కొక్కరి గుండెల మీద ఒక అట్ట. దాని మీద తన పేరు, అమ్మానాన్నల పేర్లు, పుట్టిన ఊరు, ఎక్కడ ఎలా తప్పిపోయిందీ పెద్ద అక్షరాలతో రాసి ఉంటాయి. కెమెరా ఒక్కొక్కరి దగ్గర ఆగుతూ వెళుతుంది. ఇంకో ఊళ్ళో ఎవరో చూసి ఉలిక్కిపడి, దగ్గర్లో ఉన్న కేబీఎస్ కేంద్రానికి పరిగెడతారు. తెరను రెండు సగాలు చేసి ఒక పక్క వీళ్ళను, ఒక పక్క వాళ్ళను చూపిస్తారు. అప్పుడు ప్రశ్నలు మొదలవుతాయి.

నన్ను కదిలించింది ఆ ప్రశ్నలే. రేషన్ కార్డు ఉందా, ధ్రువపత్రం ఉందా అని కాదు. "అమ్మ నిన్ను ఏమని పిలిచేది?" "నీ ఒంటి మీద కాలిన మచ్చ ఉందా? ఎలా కాలింది?" "ఇంటి ముందు ఏముండేది?" "ఆ రోజు నీ వీపు మీద ఎవరున్నారు?" ముప్పై మూడేళ్ళ తరువాత ఒక మనిషిని ఆ మనిషేనని రుజువు చేసినవి ఇవి. పిల్లకి ఎక్కడ పుట్టుమచ్చ ఉందో, ఏ పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకుందో, ఎవరిని ఏ ముద్దుపేరుతో పిలిచేవారో తెలిసేది ఎవరికి? ఇంట్లో ఉండే ఆడవాళ్ళకి. ఏ రిజిస్టరులోనూ రాయని, ఎవరూ లెక్కచెయ్యని ఇంటి కబుర్లు. యుద్ధం కాగితాలన్నీ తగలబెట్టేశాక మిగిలిన సాక్ష్యం అదొక్కటే.

రెండు మూడు ప్రశ్నలకి జవాబు సరిపోగానే తెరకి రెండు పక్కలా ఒకేసారి ఏడుపు. కొందరు కూర్చున్న చోటే కూలిపోయేవారు. ఇళ్ళలో చూస్తున్న వాళ్ళూ ఏడ్చారు. అప్పటికి అక్కడ కలర్ టీవీ వచ్చి మూడేళ్ళు కూడా కాలేదు. నాటకాల కోసం, పాటల కోసం కొనుక్కున్న పెట్టె, ఆ వేసవిలో దేశం మొత్తానికి వీధి అరుగు అయింది. మన ఊళ్ళలో కొత్తవాళ్ళు కనిపిస్తే అరుగు మీద పెద్దవాళ్ళు "ఎవరి తాలూకు బాబూ నువ్వు?" అని అడుగుతారే, అదే పని.

అన్నీ కలయికలే అనుకోకండి. వచ్చిన దరఖాస్తులు 1,00,952. టీవీలో చూపించగలిగినవి 53,536. కలిసిన కుటుంబాలు 10,189. అంటే పది దరఖాస్తులకు ఒక కలయిక. మిగతావాళ్ళు అట్ట తీసేసి, మెట్లు దిగి ఇంటికి వెళ్ళారు. నేను పులిహోర తిన్న ఆ మెట్లే.

గీతకి అవతల ఉన్నవాళ్ళ సంగతి ఆ కార్యక్రమంతో తేలేది కాదు. ఉత్తర, దక్షిణ కొరియాల కుటుంబాలు మొదటిసారి కలిసింది 1985లో. మళ్ళీ 2000లో మొదలై 2018 ఆగస్టు వరకు 21 విడతలు కలిపించారు. కలిసింది కొద్దిమందే, అదీ కొన్ని గంటలే. తొంభై ఏళ్ళ తల్లి డెబ్భై ఏళ్ళ కొడుకుని చూసుకుని, మళ్ళీ బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపడం. ఆ తరువాత అవీ ఆగిపోయాయి.

1983 నాటి ఆ వీడియో టేపులు, జనం చేతి రాతతో ఇచ్చిన దరఖాస్తులు, నిర్మాతల డైరీలు, ఫొటోలు అన్నీ కేబీఎస్ వాళ్ళు దాచి ఉంచారు. మొత్తం 20,522 వస్తువులు. అందులో అసలు టేపులే 463. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ జ్ఞాపకాల జాబితాలో చేర్చింది. రాజుల శాసనాలు, గొప్ప గ్రంథాలు ఉండే జాబితా అది. వాటి పక్కన "మా అక్క ఎడమ చేతి మీద మచ్చ ఉంటుంది" లాంటి కాగితాలు.

ఆ మెట్ల మీద కూర్చుని నేనెందుకు ఏడ్చానో మా పిల్లకి అర్థం కాలేదు. "ఏమైంది పిన్నీ?" అని కంగారుపడింది. దానికి అప్పుడు చెప్పాను.

మా నాయనమ్మకి ఒక అన్న ఉండేవాడు. మాది శ్రీకాకుళం వైపు. ఆ రోజుల్లో మా వైపు నుంచి మగవాళ్ళు కూలికి రంగం వెళ్ళేవారు. రంగం అంటే రంగూన్, బర్మా దేశం. ఆయనా వెళ్ళాడు. 1941 డిసెంబరులో జపాను వాళ్ళు రంగూన్ మీద బాంబులు వేశారు. మనవాళ్ళు వేలకు వేలు అడవుల్లో పడి కాలినడకన బయలుదేరారు. కొందరు ఇల్లు చేరారు. ఆయన చేరలేదు. పోయాడనీ తెలియదు, ఉన్నాడనీ తెలియదు. నాయనమ్మ పోయేదాకా, గుమ్మంలోకి కొత్త మనిషి ఎవరొచ్చినా ముందు కనుబొమ్మకేసి చూసేది. చిన్నప్పుడు మాకది నవ్వులాట.

మేం ఆయన్ని "రంగం తాత" అనేవాళ్ళం. ఆ మెట్ల మీద కూర్చుని, ఆయన పేరుతో ఒక కాగితం రాయాలంటే ఏం రాస్తానా అని ఆలోచించాను. పేరు తెలియదు. ఒక్కసారి కూడా అడగలేదు. రాయగలిగింది ఒక్కటే, కనుబొమ్మ మీద మచ్చ. అది ఏ కనుబొమ్మ?

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేస్తే, "నాకూ సరిగ్గా తెలీదమ్మా, మీ పెద్దత్తని అడుగు" అన్నారు. పెద్దత్తకి అప్పటికి డెబ్భై అయిదేళ్ళు. మర్నాడు ఫోన్ చేసి అడిగితే కాసేపు మాట్లాడలేదు. తరువాత, "పేరు అమ్మ నోట ఎప్పుడూ వినలేదే, 'పెద్దోడు' అనే అనేది. మచ్చ మాత్రం కుడి కనుబొమ్మ. జామచెట్టు మీంచి పడ్డాడట. అమ్మే పసుపు అద్దిందట" అంది.

ఇంటికొచ్చాక ఒక నోటు పుస్తకం కొన్నాను. మొదటి పేజీలో అదే రాశాను. పెద్దోడు, కుడి కనుబొమ్మ, జామచెట్టు, పసుపు. తరువాతి పేజీల్లో మా ఇద్దరు పిల్లల పుట్టుమచ్చలు, ముద్దుపేర్లు, మా అత్తగారి పుట్టింటి వాళ్ళ పేర్లు రాస్తున్నాను. మా అత్తగారైతే, "నన్ను ఇవన్నీ ఇన్నాళ్ళకి ఎవరైనా అడిగారా" అని మురిసిపోతూ చెబుతున్నారు.

మీ ఇంట్లోనూ ఒక పెద్దావిడ ఉండే ఉంటారు. ఈ రోజు కాఫీ ఇచ్చి పక్కన కూర్చుని, ముందుగా ఆవిడని చిన్నప్పుడు ఏమని పిలిచేవారో అడగండి.