పాత కారుకు కొత్త చక్రాలా.. స్పేసర్‌ కొలత తప్పితే ముప్పే!

కంకిపాడు: ఒకప్పుడు రోడ్లపై రాజ్యమేలిన అంబాసిడర్‌, ప్రీమియర్‌ పద్మిని కార్లను ముచ్చటపడి భద్రపరుచుకునే వారు ఇప్పటికీ ఉన్నారు. 1957లో మొదలైన అంబాసిడర్‌ తయారీ 2014 మేలో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో నిలిచిపోయింది. ఇలాంటి పాత కార్లకు అల్లాయ్‌ చక్రాలు, వెడల్పాటి టైర్లు వేయించినప్పుడు అవి స్ప్రింగులకో, స్టీరింగు భాగాలకో రాసుకోవడం పరిపాటి. దీనికి విరుగుడుగా హబ్‌కు, చక్రానికి నడుమ బిగించే లోహపు బిళ్లే వీల్‌ స్పేసర్‌. కంకిపాడుకు విజయవాడ ఆటోనగర్‌ దగ్గరే కావడంతో లేత్‌ పనికి కొదవ లేదు. అయితే దొరికిన బిళ్లను బిగించేస్తే నడుస్తుండగానే చక్రం ఊడే ప్రమాదముంది.

కొలతలే కీలకం
స్పేసర్‌ కొనడానికి ముందు మూడు కొలతలు తీసుకోవాలి. స్టడ్ల సంఖ్య, అవి అమరిన వలయం వ్యాసం మొదటిది. హబ్‌ మధ్య భాగం వ్యాసం రెండోది. స్టడ్ల పొడవు, మర రకం మూడోది. అంబాసిడర్‌ మూలం బ్రిటన్‌కు చెందిన మోరిస్‌ ఆక్స్‌ఫర్డ్‌ కాగా, పద్మిని మూలం ఇటలీకి చెందిన ఫియట్‌ 1100. కాబట్టి ఒక కారు నట్లు మరో దానికి సరిపోతాయని భావించరాదు. స్పేసర్‌ మధ్య రంధ్రం హబ్‌పై వదులు లేకుండా కూర్చోవాలి. లేకుంటే వేగంలో స్టీరింగు వణుకుతుంది.

మందం ఎంత?
టైరు రాసుకోకుండా ఉండేందుకు అవసరమైనంత మందమే చాలు. ఒక్కో వైపు 10 మిల్లీమీటర్లు వేస్తే చక్రాల మధ్య దూరం 20 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఆ మేరకు బేరింగులపై భారం పెరిగి, స్టీరింగు బరువెక్కుతుంది. నట్టు కనీసం స్టడ్‌ వ్యాసమంత లోతు మరలోకి ఎక్కాలి. ఉదాహరణకు 12 మిల్లీమీటర్ల స్టడ్‌కు 1.5 మిల్లీమీటర్ల మర ఉంటే నట్టు కనీసం 8 చుట్లు తిరగాలి. 5 మిల్లీమీటర్ల స్పేసర్‌ వేస్తే అందులో మూడు చుట్లకు పైగా పోతాయి. అప్పుడు పొడవాటి స్టడ్లు వేయించడం తప్పనిసరి. మందం 20 మిల్లీమీటర్లు దాటితే సొంత స్టడ్లున్న స్పేసర్‌ మేలు. అయితే పాత స్టడ్ల కొనలు దాని ఉపరితలం దాటి పైకి రాకూడదు. రెండు స్పేసర్లను ఒకదానిపై ఒకటి వేయడం, వాషర్లతో సర్దడం ప్రమాదకరం.

బిగించే విధానం
తొలుత హబ్‌, డ్రమ్‌లపై తుప్పును వైర్‌ బ్రష్‌తో పూర్తిగా తొలగించాలి. డ్రమ్‌ను పట్టి ఉంచే చిన్న స్క్రూ తల పైకి ఉంటే స్పేసర్‌ సమంగా కూర్చోదు. డెల్టాలో వరి పొలాల బురద, తేమ వల్ల అల్యూమినియం బిళ్ల ఉక్కు హబ్‌కు పట్టేయవచ్చు. హబ్‌ అంచుకు మాత్రమే పలుచగా గ్రీజు రాయాలి. మరలకు రాయకూడదు. నట్లను ఎదురెదురుగా, కారు మాన్యువల్‌లో చెప్పిన మేరకు టార్క్‌ రెంచితో బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక మరోసారి సరిచూడాలి. వెనుక సీటు నిండా మనుషులను కూర్చోబెట్టి, స్టీరింగును రెండు వైపులా చివరి వరకు తిప్పి టైరు మడ్‌గార్డుకు తగలడం లేదని నిర్ధారించుకోవాలి. స్టెప్నీ పాత ఇనుప చక్రమైతే దాని నట్లను డిక్కీలో ఉంచుకోవాలి.

నిబంధనలు మరవొద్దు
తయారీదారు నిర్దేశించిన రూపానికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం సెక్షన్‌ 52 అనుమతించదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో దీన్నే స్పష్టం చేసింది. తొలి రిజిస్ట్రేషన్‌ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో వింటేజ్‌ నంబరు ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. ఛాసిస్‌, బాడీ, ఇంజిన్‌లలో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండటం వాటి షరతు. టైరు పట్టడం లేదని మడ్‌గార్డు అంచు కోయిస్తే ఆ అర్హతకే ఎసరు రావచ్చు. స్పేసర్‌ను విప్పేయవచ్చు గానీ కోసిన రేకు తిరిగి రాదు. అందుకే పనికి ముందే రవాణాశాఖ కార్యాలయాన్ని, బీమా సంస్థను సంప్రదించాలి. విప్పిన పాత చక్రాలు, స్టడ్లను అమ్మేయకుండా భద్రపరచుకోవడం అన్నింటికన్నా ముఖ్యం.