ప్రైవేటు అడవులు – 1949 చట్టం

మన నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉన్ననాటి సంగతి. ఎస్టేట్లు రద్దవుతాయని తెలిశాక, చేజారేలోపే జమీందార్లు అడవులు కొట్టి సొమ్ము చేసుకునే ప్రమాదం వచ్చింది. అందుకే 1949లో ప్రైవేటు అడవుల పరిరక్షణ చట్టం (27వ నంబరు) తెచ్చారు. ఎస్టేటు అడవిని అమ్మాలన్నా, తాకట్టు పెట్టాలన్నా, కౌలుకివ్వాలన్నా, చెట్లు కొట్టాలన్నా కలెక్టరు ముందస్తు అనుమతి ఉండాల్సిందే. గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనుక అలాంటి నిక్కచ్చి భాష నాకు నచ్చుతుంది. కానీ అడవిని నిలిపిన యజమానికి ఒక్క రూపాయి సాయం చేసే మాట అందులో లేదు.

కోస్టారికా అనే చిన్న దేశం 1996 అటవీ చట్టంతో, అడవిని కాపాడే భూయజమానులకు డబ్బు చెల్లించే ఏర్పాటు చేసింది.

మా చిల్లకూరు మండలంలో పైన సరుగుడు తోటలు, కింద సిలికా ఇసుక. ఇసుకకైతే వ్యాపారి వస్తాడు. చెట్లు ఉంచినందుకు రైతుకు డబ్బిచ్చేవారెవరు?