ఇంటి దగ్గర కొలువు: కొంత చరిత్ర, కొంత స్వానుభవం

ప్రత్యేక సంచికకు ఏదైనా రాసిమ్మని మన కార్యదర్శిగారు అడిగి నెల దాటింది. ఏం రాయాలా అనుకుంటుండగా మా మనుమరాలే విషయం అందించింది. "తాతయ్యా, మీ రోజుల్లో వర్క్ ఫ్రం హోమ్ ఉండేదా?" అంది. లేదమ్మా అనబోయి ఆగాను. ఉండేది. దానికి ఆ పేరు లేదు, అంతే.

రెవెన్యూలో పనిచేసిన మిత్రులకు నేను చెప్పాల్సిన పనిలేదు. కరణంగారికి వేరే ఆఫీసంటూ ఎక్కడుండేది? ఇంటి అరుగే కచేరీ, ఇంట్లోని భోషాణమే రికార్డు రూము. రైతుకు అడంగలు నకలు కావాలంటే ఆ గుమ్మం ముందే నిలబడాలి. 1984 జనవరిలో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేస్తూ తెచ్చిన ఆర్డినెన్సులో వాటిని 'పార్ట్‌టైమ్ గ్రామాధికారుల' పోస్టులనే అన్నారు. పల్లెటూరి బ్రాంచి పోస్టుమాస్టరుదీ ఇదే తీరు. సొంతింట్లో ఒక మూల పోస్టాఫీసు, రోజుకు కొద్ది గంటల పని. వారిని అప్పట్లో 'ఎక్స్‌ట్రా డిపార్ట్‌మెంటల్' అనేవారు, 2001 నుంచి గ్రామీణ డాక్ సేవక్ అంటున్నారు. పేరైతే మారింది గానీ, శాఖ ఉద్యోగులకుండే పెన్షను వారికి రాలేదు. ఆ తేడా ఎంతటిదో పెన్షనర్లం మనకు తెలుసు.

ఇక పట్నవాసపు సంగతి. అమెరికాలో 1973లో జాక్ నిల్స్ అనే ఆయన 'టెలికమ్యూటింగ్' అనే మాట పుట్టించాడు. పెట్రోలు ధరలు మండిపోయిన సంవత్సరం అది. లాస్ ఏంజిల్స్ రోడ్ల మీద కార్ల బారులు చూసి, మనిషి ఆఫీసుకు పోయే బదులు పనే టెలిఫోను తీగ మీద మనిషి దగ్గరకు రాకూడదా అని ఆయన ఆలోచన.

మన అమీర్‌పేటలో ఆ పద్ధతి గడపగడపకూ వచ్చింది 2020 మార్చిలో, అదీ చెప్పాపెట్టకుండా. 1990ల చివరి నుంచి హుడా మైత్రీవనం, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ కంప్యూటరు కోచింగులు, వెనుక సందుల్లో హాస్టళ్ళు పెరిగాయి. కోర్సులు నేర్చే పిల్లలు, కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు వాటిలోనే ఉండేవారు. మార్చి 25న లాక్‌డౌను మొదలయ్యేసరికి చాలా హాస్టళ్ళవారు ఖాళీ చేయమన్నారు. కంపెనీ 'ఇంటి నుంచి పని చేయండి' అంటే, ఏ ఇంటి నుంచి? సామాన్లు పట్టుకుని ఎస్.ఆర్. నగర్, పంజాగుట్ట పోలీసు స్టేషన్ల ముందు పాసుల కోసం బారులు తీరారు. పాసు చేతబట్టుకుని ఆంధ్రా వైపు వెళ్ళినవారిని జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఆపారు. చివరకు హాస్టళ్ళు ఖాళీ చేయించవద్దని తెలంగాణ ప్రభుత్వమే చెప్పవలసి వచ్చింది. అదే నెల 19న కేంద్ర ప్రభుత్వం తన గ్రూపు బి, సి సిబ్బందిలో సగంమందిని ఇంటి నుంచి పని చేయమని, మిగతా సగాన్ని మూడు వేర్వేరు వేళల్లో రమ్మని ఉత్తర్వు ఇచ్చింది. మన రోజుల్లో ఇలాంటి మెమో వస్తే ఎవరో పరాచికాలాడారనుకునేవాళ్ళం.

ఇప్పుడు మా అపార్టుమెంటులోనే అన్ని రకాలూ ఉన్నాయి. మా అబ్బాయిది పూర్తిగా ఇంటి పని, ఆఫీసు ముఖం చూసి ఏడాదైంది. కోడలిది 'హైబ్రిడ్'. వారంలో మూడు రోజులు అమీర్‌పేటలో మెట్రో ఎక్కి హైటెక్ సిటీకి వెళుతుంది (ఆ మార్గం 2019 మార్చిలో మొదలైంది), రెండు రోజులు ఇంట్లోనే. పై అంతస్తు కుర్రాడు చంటిపిల్ల ఏడుపు పడలేక పంజాగుట్టలో నెలకింత అని ఒక కుర్చీ అద్దెకు తీసుకున్నాడు. అలాంటి ఉమ్మడి ఆఫీసును 'కోవర్కింగ్' అంటారట. వచ్చే వేళ, పోయే వేళ మన ఇష్టానికి వదిలితే అది 'ఫ్లెక్సీ'. నాకు తెలిసిన ఫ్లెక్సీ రోడ్డు మీద నాయకుల బొమ్మలతో కట్టేదే! భోజనం పొట్లాలు తెచ్చే అబ్బాయికి మాత్రం రోడ్డే ఆఫీసు. ఆర్డరుకింత అని కూలి, రాని రోజు సున్నా. వీళ్ళందరినీ ఒకే గాటన కట్టకూడదు. కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారు, పని ఎప్పటికి ముగుస్తోంది అని నేను చూస్తాను. మా కోడలు రాత్రి పదకొండుకు కూడా "ఒక్క కాల్ ఉంది మామయ్యా" అంటుంది. మాకు సాయంత్రం అయిదు దాటితే అటెండరే కిటికీలు మూసేవాడు.

ఒక మేలు మాత్రం ఒప్పుకోవాలి. కాగితం ఇంట్లో తెరిచినా అది ఆఫీసులోనూ ఉంటుంది. మా కాలంలో ఫైలు ఒక్కటే. 1986 పే స్కేళ్ళ ఫిక్సేషన్ పని నెత్తిన పడ్డప్పుడు, సర్వీసు రిజిస్టర్లు సంచీలో వేసుకుని ఎర్రమంజిల్ వైపు నుంచి అమీర్‌పేటలోని అద్దె వాటాకు నడిచి వచ్చేవాణ్ణి. ఆఫీసు పేరు వద్దులెండి. బయటకు తీసుకుపోతున్నట్టు రిజిస్టరులో రాయాలి, నేను రాయలేదు. ఇంతలో టైఫాయిడ్ వచ్చి, తిరగబెట్టి, రెండు నెలలు మంచం పట్టాను. సంచీ అటక మీద ఉండిపోయింది. అందులో ఒక రిజిస్టరు సర్వీసులో ఉండగానే చనిపోయిన డ్రైవరుది. అది లేక ఆయన భార్య ఫ్యామిలీ పెన్షను కాగితాలు కదల్లేదు. ఆవిడ వచ్చినప్పుడల్లా 'వెతుకుతున్నాం' అని సెక్షనులో చెప్పి పంపేవారట. డ్యూటీలో చేరబోతూ సంచీ దించి చూసుకుంటే నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. రెండు రోజుల్లో ప్రతిపాదనలు ఏ.జి. ఆఫీసుకు పంపించాను. నాకు మెమో కూడా ఇవ్వలేదు.

ఇంతవరకు రాసింది చదివి మా మనుమరాలు, "ఆవిడకు డబ్బులొచ్చాయా తాతయ్యా?" అంది. వచ్చాయమ్మా, బకాయిలతో సహా వచ్చాయి. ఆ రెండు నెలలూ ఇల్లెలా గడిచిందని మాత్రం నేను ఆవిడను అడగలేదు.